మందు మానాలనుకునే యానాం వాళ్ళకి: మీకు సరిపోయే మీటింగ్ ఎలా వెతుక్కోవాలి?

యానాం అనగానే చుట్టుపక్కల జిల్లాల వాళ్ళకి ముందు ఏం గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఫ్రెంచి వాళ్ళు 1954లో వెళ్ళిపోయారు, ఊరు పుదుచ్చేరి కిందకి వచ్చింది. పన్నులు వేరు, సీసా రేటు వేరు. 1995లో ఎన్టీఆర్ గారు రాష్ట్రమంతా మద్య నిషేధం పెడితే ఆ చట్టం ఇక్కడ చెల్లలేదు. మీమ్స్ బాగానే ఉంటాయి, నేనూ నవ్వుతాను. కానీ ఇదే ఊళ్ళో పుట్టి, ఇదే రోడ్డు మీద రోజూ పనికెళ్ళొస్తూ, ఇక మానేద్దాం అనుకున్న మనిషి సంగతేంటి? ఈ ఎపిసోడ్ వాళ్ళ కోసం.

ముందు ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనిపించి, మతి తప్పొచ్చు. ప్రాణం మీదకి వస్తుంది. పట్టుదల ఉంటే చాలు అనే మాట ఇక్కడ పనికిరాదు. ముందు డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. కాకినాడ జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్‌లో అయితే 14416 టెలి మానస్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వ్యసనాల కోసమే ఉన్న నంబర్ 14446. రెండూ ఫ్రీ.

ఇప్పుడు మీటింగ్ సంగతి. ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టారు, ఒకాయన స్టాక్ మార్కెట్ మనిషి, ఇంకొకాయన సర్జన్. ఫీజు లేదు, ఫారం లేదు. మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. "ఇదంతా కబుర్లే కదా బ్రో" అనేవాళ్ళకి ఒక మాట: 2020లో కొక్రేన్ వాళ్ళు 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు చూశారు. పూర్తిగా మానేసి అలాగే నిలబడే విషయంలో ఏఏ, దాని బాటలో నడిపించే చికిత్సలు మిగతా పద్ధతులకంటే మెరుగ్గా కనిపించాయి.

నేను హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకునే రోజుల్లో తెలిసినాయనకి తోడుగా ఒక ఓపెన్ మీటింగ్‌కి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, గోడకి పన్నెండు మెట్ల చార్టు. ఒక్కొక్కరు పేరు చెప్పి వాళ్ళ కథ చెప్తారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. అక్కడ విన్నది ఇక్కడ చెప్పను, అది వాళ్ళ సొంతం. ఆయనకి మాత్రం ఆ గ్రూప్ నచ్చలేదు. అందరూ పెద్దవాళ్ళు, ఇంగ్లీషు ఎక్కువ. "నాకు సెట్ కాదురా" అన్నారు. వేరే ఏరియాలో తెలుగు గ్రూప్‌కి వెళ్తే అక్కడ కుదురుకున్నారు. ఒక హోటల్లో ఇడ్లీ బాగోలేదని ఇడ్లీయే మానెయ్యం కదా! నాలుగైదు మీటింగులు చూడండి, తర్వాత నిర్ణయించుకోండి.

యానాంలో అసలు చిక్కు వేరే. 30 చదరపు కిలోమీటర్ల ఊరు, 2011 లెక్కల్లో 55 వేల చిల్లర జనం. ఎవరి అబ్బాయి ఎక్కడ కనిపించాడో సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోద్ది. వైన్ షాపు ముందు నిలబడితే ఎవరూ ఏమనరు, మీటింగ్‌కి వెళ్తే మాత్రం "ఏమైందిరా?" అంటారు, చిత్రం కాదూ! అందుకే కాకినాడ దాకా బస్సెక్కడం దండగేం కాదండీ, అక్కడ మిమ్మల్ని ఫలానా వారబ్బాయి అని పిలిచేవాళ్ళు తక్కువ. రోజులు, టైములు మారుతుంటాయి కాబట్టి ఏఏ ఇండియా వెబ్‌సైట్లో చూసి, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. "తెలుగులో జరుగుతుందా? ఓపెనా, క్లోజ్డా?" అని అడగండి. క్లోజ్డ్ అంటే మానాలనుకునేవాళ్ళకి మాత్రమే, తోడొచ్చిన బావగారు బయట కూర్చోవాలి. తిరుగు బస్సు టైము కూడా చూసుకోండి. రాత్రి బస్టాండ్‌లో గంటసేపు ఖాళీగా ఉండటం మొదటి వారాల్లో మంచిది కాదు.

ఆడవాళ్ళకి ఇంకా కష్టం. వాళ్ళు తాగుతారని ఒప్పుకోవడమే మనకి చేతకాదు. ఆడవాళ్ళకే జరిగే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. కెమెరా ఆఫ్, అసలు పేరు అక్కర్లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోదావరి గట్టున కూర్చుని వినొచ్చు. మగవాళ్ళకీ అంతే.

దేవుడి మాట వస్తుంది, చర్చి గదుల్లో కూడా జరుగుతుంటాయి, మతం మార్చేస్తారా అని అడుగుతున్నారు. లేదండీ. "మేము అర్థం చేసుకున్న దేవుడు" అనే అంటారు. వెంకన్న కావచ్చు, అల్లా కావచ్చు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళకి ఆ గ్రూపే కావచ్చు.

ఇంట్లోవాళ్ళకి ఒక్కటి. తెలియకుండా కూరలో కలిపే పొడులు అమ్ముతారు చూడండి, వాటి జోలికి వెళ్ళకండి. డైసల్ఫిరామ్ లాంటి మందు తెలియకుండా పెట్టి, ఆ మనిషి పైన తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మీకోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, తాగే మనిషి రాకపోయినా మీరు వెళ్ళొచ్చు.

మొదటిరోజు ఏం మాట్లాడాలి అంటే, ఏమీ అక్కర్లేదు. మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజు వింటాను" అంటే సరిపోద్ది. వచ్చేముందు మీకు నచ్చిన ఒకళ్ళ ఫోన్ నంబర్ అడిగి తీసుకోండి. తాగాలనిపించినప్పుడు ఆ నంబర్‌కే చెయ్యాలి. అల్-అనాన్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా మాట్లాడుకుందాం. ఉంటానండీ.