పత్తిచేనిలో పుట్టిన ఎదురుపాట



నేడు నేను ముచ్చటింపబోవునది రాక్ సంగీతమును గూర్చి. ఈ మాట చెవిని బడగానే మీలో కొందఱు పెద్దలు మొగము చిట్లించి యుందురు. ఊరి పెద్దలకు వినిపింపదగిన విషయము మఱియొకటి లేకపోయెనా యని మీరడుగవచ్చును. నాకును తల నెరసినది. దాదాపు ఏబదియేండ్లుగా నేనీ సంగీతమును ప్రేమించుచున్నాను. ఈ ప్రేమ మొదట మా తండ్రిగారికిని నాకును నడుమ గోడ కట్టినది. పిమ్మట ఆ గోడకు తలుపు పెట్టినదియు నిదియే. అందుచేత దీనిని గూర్చి పెద్దల యెదుటనే మాటలాడవలెనని నాకు తోచినది.

మాది తుక్కుగూడ. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాట మీది యూరు. నేడు మా యూరి ప్రక్కనే నగరమును చుట్టివచ్చు వలయ రహదారి పోవుచున్నది. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱచినది మొదలు రేయింబవళ్ళు మా యాకాశమున విమానములు మ్రోయుచున్నవి. నేను చెప్పుచున్నది 1977 నాటి మాట. అప్పుడు రాత్రివేళ మా యూరిలో వినవచ్చు పెద్ద చప్పుడు కుక్కల అరుపే. నాకు పదునాఱేండ్లు. మా యింట రెండు సెల్లులతో పలుకు చిన్న రేడియో యొకటి యుండెను. అందఱును నిద్రించిన పిమ్మట దానిని దుప్పటిలో బెట్టుకొని, ముల్లు త్రిప్పుచు దూరదేశముల కేంద్రములను వెదకుచుంటిని. ఒకనాటి రాత్రి గరగరల నడుమ నుండి యొక గిటారు వినవచ్చినది. వెనుక డోళ్ళు, వానిపై నొక గొంతు. ఇంగ్లీషు మాటలు పదింట రెండైనను నాకు తెలియలేదు. ఆ గొంతులోని కసి మాత్రము తెలిసినది. ఎవనికో అన్యాయము జరిగినది, వాడు దానికి తల వంచుట లేదు, అంతవఱకు బోధపడినది.

మఱునాడు పగటిపూట అట్టి పాట నొకదానిని ఇంట వినిపింపగా మా నాయన, "ఇది పాటనా బిడ్డా? రేకుల మీద రాళ్ళవాన పడ్డట్టున్నది" అనెను. ఆనాటి నుండి రాత్రి కాగానే రేడియో సెల్లులు తీసి తన తలగడ క్రింద బెట్టుకొనుచుండెను. నేనేమి చేసితినో చెప్పుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది. గోడకు వ్రేలాడు టార్చి లైటులోని సెల్లులు దొంగిలించి రేడియోలో వేసికొంటిని. ఆ రాత్రియే విద్యుత్తు వచ్చినదని ఆయన మడికి నీరు మార్చుటకు లేచి, టార్చి చేతబట్టుకొని బావి కడకు బోయెను. అది వెలుగలేదు. చీకటిలో కాలువగట్టున కాలుజారి పడెను. కుంటుచు ఇంటికి వచ్చునప్పటికి నేను రేడియో వినుచునే యుంటిని.

కొట్టునని భయపడితిని, కొట్టలేదు. అరుగు మీద కూర్చుండి, కాలు తోముకొనుచు, "అండ్ల ఏమున్నది బిడ్డా? వాండ్లేమంటున్నరు?" అని యడిగెను. "మాటలు తెలియవు నాయనా" యంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, తాను ముందెన్నడును చెప్పని కథ యొకటి చెప్పెను.

1947లో, ఆయనకు సుమారు నా యీడే, నల్లగొండ జిల్లాలోని మేనమామగారి యూరికి బోయెనట. అవి నిజాం పాలనము కడపటి దినములు. తెలంగాణ రైతులు వెట్టికిని దొరతనమునకును ఎదురు తిరిగిన కాలము. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటి వారి పాటలు ఊరూర ప్రాకుచుండెను. అట్టి పాట పాడుటయే కాదు, వినుటయు నేరమే. పశువుల కొట్టములో దీపము తగ్గించి, వాకిట నొక పిల్లవానిని కాపుంచి, పదిమంది గొంతు తగ్గించి పాడుకొనిరట. ఆ కాపున్న పిల్లవాడు మా నాయనయే. "మేము గూడ దాసుకొనే విన్నం బిడ్డా" అనెను. మఱునాటి నుండి సెల్లులు తలగడ క్రిందికి బోలేదు.

కాని ఆయన ప్రశ్న నాలో నిలిచిపోయినది. వాండ్లేమనుచున్నారు? మాటలు తెలియనిది నాకొక్కనికే కాదని తరువాత చదివి నవ్వుకొంటిని. 1963లో అమెరికాలో కింగ్స్‌మెన్ అను బృందము పాడిన "లూయీ లూయీ" యను పాటలో బూతులున్నవని కొందఱు ఫిర్యాదు చేయగా, ఆ దేశపు కేంద్ర నేరపరిశోధక శాఖవారు రికార్డును పలు వేగములతో త్రిప్పి విని, తుదకు మాటలే అర్థమగుట లేదని తేల్చిరి!

నా ప్రశ్నకు జవాబు పత్తిచేనిలో దొరకినది. ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిపోబడిన నల్లవారు అమెరికా దక్షిణ రాష్ట్రములలో పత్తి పండించిరి. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, సగపాలు సేద్యము మిగిలినది. విత్తనము, తిండిగింజలు, బట్ట యన్నియు భూస్వామి కొట్టులోనే అరువు. పంట చేతికి వచ్చునప్పటికి ఖాతాలో అప్పే మిగులుచుండెను. ఈ లెక్క మన పల్లెలకు క్రొత్త కాదు. మొగము మీద అనలేని మాటను వారు పాటలో మాటుపెట్టి పాడిరి. ఆ పాటలకే బ్లూస్ అని పేరు. మిసిసిపీ రాష్ట్రములో స్టోవాల్ వారి పత్తితోటలో పనిచేయు మడ్డీ వాటర్స్ అను నతని పాటను 1941లో ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమువారు వచ్చి రికార్డు చేసికొనిరి. 1943లో నతడు షికాగో నగరము చేరెను. అక్కడి రణగొణధ్వనిలో మామూలు గిటారు వినబడదు గనుక విద్యుత్తు గిటారు పట్టెను. 1962లో లండనులో పుట్టిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరునే అతని పాట నుండి తీసికొన్నది.

ఆ గరగర ధ్వనిని గూర్చి యొక్కమాట. 1964లో ఇంగ్లండున కింక్స్ బృందములోని డేవ్ డేవిస్ అను పదునేడేండ్ల బాలుడు, తన గిటారు ధ్వనిపెట్టెలోని కాగితపు గరాటును బ్లేడుతో కోసెను. దానితో గిటారు బొంగురుగా, కోపముగా పలికినది. మన డప్పును మంటకు కాచి బిగించు వారికి ఇది వింత గాదు. వాద్యము మనసులోని వేడికి తగినట్లు పలుకవలెనన్నదే యిద్దఱి యెత్తుగడ.

ఎదురుతిరుగుట రేడియోకును తప్పలేదు. ఇంగ్లండున బి.బి.సి. ఈ పాటలకు కొద్ది కాలము మాత్రమే యిచ్చుచుండగా, 1964లో రేడియో కారొలిన్ యనువారు ఓడ నెక్కి, దేశపు హద్దు దాటి, సముద్రము మీది నుండి ప్రసారము చేసిరి. 1967లో ప్రభుత్వము దానిని చట్టముతో నిషేధించినది. ఆ యేడే సెప్టెంబరు 30న బి.బి.సి. యువకుల కొఱకు ప్రత్యేక కేంద్రము తెఱచినది. మనదేశమున 1952లో ఆకాశవాణి సినిమా పాటలను తగ్గింపగా, శ్రోతలు ముల్లు త్రిప్పి రేడియో సిలోను పట్టుకొనిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది. వినువాని వ్రేలు ముల్లు మీద నున్నంతకాలము, ఏమి వినవలెనో మఱియొకడు శాసింపజాలడు.

ఈ సంగీతములో దోషము లేదని నేననను. మత్తుమందులు ఎందఱినో మ్రింగినవి. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లో, జిమ్ మారిసన్ 1971లో గతించిరి, ముగ్గురికిని ఇరువదియేడేండ్లే. తిరుగుబాటును బనియను మీద అచ్చువేసి అమ్ముకొన్న వర్తకులును గలరు. చప్పుడంతయు ఎదురుపాట కాదు. ఎవనికో నోరు లేనిచోట నోరు కల్పించినప్పుడే అది ఎదురుపాట యగును. ఆ కొలత రాక్ పాటకును, మన సంఘపు పాటకును ఒక్కటియే.

చాలయేండ్లకు, మా నాయన ముసలితనమున, మడ్డీ వాటర్స్ పత్తితోటలో పాడిన ఆ పాత రికార్డును ఆయనకు వినిపించితిని. ఎవ్వరిదో చెప్పలేదు. కన్నులు మూసికొని తుదివఱకు విని, "కాపోనిదే బిడ్డా, ఈ గొంతు" అనెను. తరువాత రోలింగ్ స్టోన్స్ పాట పెట్టితిని. "ఇది వాని మనుమడు. చప్పుడు మాత్రం ఎక్కువే" అని లేచి పోయెను. ఆయనకు రాక్ సంగీతము ఎన్నడును నచ్చలేదు. నచ్చకయే అర్థము చేసికొనెను. నా పాలికి అది చాలినది.

పెద్దలారా! నేడు మీ యింటి పిల్లవాడు చెవులలో తీగలు పెట్టుకొని మూల కూర్చుండి యుండవచ్చును. వానికిప్పుడు సెల్లులు దొంగిలించు పని లేదు. వాడు వినునది మీకు నచ్చవలసిన పనియు లేదు. కాని తీగలు తీసివేయుటకు ముందు, "అందులో ఏమున్నది బిడ్డా?" అని యొక్కమాఱు అడుగుడు. వానికి తెలియకపోయినను బాధ లేదు, వెదకికొనును. ఆ తరువాత మీ చిన్ననాట మీరు దాచుకొని విన్నదేదో, అది వానికి చెప్పుడు.

సెలవు.