హెచ్‌పీ లెక్క ఎక్కడిది?

రాయికల్‌లో ట్రాక్టర్ కొనబోయే రైతు ముందుగా అడిగేది ‘ఇది ఎన్ని హెచ్‌పీ?’ అనే. కారు కొనేవాళ్లూ అంతే. ఆ అంకెను డైనమోమీటర్‌ మీద తేలుస్తారు. తిరిగే ఇంజన్ మీద లోడు పెంచుతూ, ఏ వేగం దగ్గర ఎంత టార్క్ (తిప్పే బలం) వస్తుందో కొలిచి, ఆ రెంటి నుంచి హెచ్‌పీ లెక్కిస్తారు. ట్రాక్టర్లకు ఈ పరీక్షలు మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో జరుగుతాయి.

రేసు ట్రాక్ మీద మరో లెక్క ఉంది. నిలిచి ఉన్న కారు పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తి, చివర అందుకున్న వేగాన్నీ మొత్తం బరువునూ బట్టి బలాన్ని అంచనా కడతారు. డ్రైవరుతో కలిపి 1000 కిలోల కారు గంటకు 130 కిలోమీటర్లతో గీత దాటితే సుమారు 90 హెచ్‌పీ. పట్టిన సమయం కంటే ఈ చివరి వేగాన్నే నేను నమ్ముతాను. మొదట్లో టైర్లు జారితే సమయం పెరుగుతుంది గానీ వేగం అంతగా మారదు. ఎదురుగాలి, మన మే నెల ఎండ మాత్రం దాన్నీ తగ్గిస్తాయి. వేడి గాలి పలచన, ఇంజన్‌కు అందే ఆక్సిజన్ తక్కువ.

రైతన్నలూ, ఇది గుర్తుంచుకోండి: రోటవేటర్‌ను తిప్పేది పీటీవో హెచ్‌పీ, అంటే ట్రాక్టర్ వెనక షాఫ్ట్ (పవర్ టేకాఫ్) దగ్గర అందే బలం. గేర్లలో కొంత పోతుంది కాబట్టి అది ఇంజన్ హెచ్‌పీ కంటే తక్కువ. షోరూంలో ఆ అంకెనే, పరీక్షా నివేదికతో సహా అడగండి.