దూరం పెరిగినా కాలం తగ్గిన దారి

భూగోళం మీద రెండు విమానాశ్రయాల నడుమ అతి తక్కువ దూరాన్ని ఇచ్చే వంపు దారిని మహావృత్త మార్గం అంటారు. ఆ లెక్కన ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,400 కిలోమీటర్లు ఉన్నా, ప్రయాణ కాలాన్ని తేల్చేది ఆ అంకె ఒక్కటే కాదని 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా విమానం చక్కగా నిరూపించింది. అంతవరకు అట్లాంటిక్ మీదుగా పడమరకు సాగిన ఆ సర్వీసు, దిశ మార్చుకొని పసిఫిక్ మీదుగా తూర్పుకు బయలుదేరి, పాత దారి కంటే దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ ప్రయాణించినా, మొత్తం 15,300 కిలోమీటర్లను పద్నాలుగున్నర గంటల్లో ముగించి, సుమారు రెండు గంటల కాలాన్ని ఆదా చేసింది.

ఇందుకు కారణం జెట్ ప్రవాహం, అంటే విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఉరవడిగా వీచే గాలి. విమానానికి చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూసే వాయువేగం ఒకటి, నేలతో పోల్చి చూసే భూవేగం మరొకటి ఉంటాయి కనుక, గంటకు 900 కిలోమీటర్ల వాయువేగంతో పోయే విమానానికి 100 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి తోడైతే భూవేగం 1,000కి పెరుగుతుంది, అదే గాలి ఎదురైతే 800కు పడిపోతుంది. పిల్లలను చూడడానికి కాలిఫోర్నియా వెళ్లే తెలుగు తల్లిదండ్రులు టిక్కెట్టు మీది వేళలను బట్టి ప్రయాణ కాలాన్ని గణించాలంటే, చలికాలంలో పదమూడున్నర గంటలుండే గడియారపు తేడాను కూడా ముందుగా సరిచూసుకోవలసి ఉంటుంది.