వేటకుక్కకు ఆహారకాలము
(చిలమత్తూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

బాలబాలికల విద్య, వివాహవ్యయము, విద్యార్థి వసతిగృహము మున్నగు ఘనవిషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై, కుక్కకు కూడు పెట్టు వేళను గూర్చి మాటలాడబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని బోయకులమున బుట్టి కుక్కమాటకు నవ్వువాడు తన తాతను జూచి నవ్వినవాడే యగును. వేట మన పూర్వుల వృత్తి. కుక్క ఆ వృత్తికి కుడిచేయి. ఆ చేతి నెట్లు పోషింపవలయునో ఎఱిగిన వృద్ధులు నేడు పల్లెకొకరిద్దఱు మాత్రమే మిగిలియున్నారు. వారితో నీ విద్య అంతరింపరాదని నా తలంపు.

ఇది శాస్త్రజ్ఞు లుపేక్షించిన విషయము కాదు. అమరకోశమున కుక్కకు గల పేర్లలో మృగదంశక మొకటి. మృగమును గఱచునది యని యర్థము. వేటలో నేర్పుగల కుక్కకు విశ్వకద్రువని ప్రత్యేకనామమే కలదు. 12వ శతాబ్దమున పశ్చిమ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున, రాజవినోదముల నడుమ సారమేయవినోదమునకును స్థానము లభించినది. మన సమీపముననున్న లేపాక్షి వీరభద్రాలయపు చిత్రములలో కిరాతార్జునుల కథ కలదు. పరమేశ్వరుడే కిరాతవేషము ధరించెనన్న కథ వినుచు పెరిగిన మనకు, వేటగాని తోడగు ప్రాణిని గూర్చి మాటలాడుటకు సిగ్గేల?

చాణక్యనీతియందు కుక్కవలన నేర్వదగిన గుణము లాఱు చెప్పబడినవి. అధికముగ తినగలిగియు అల్పముతో తృప్తిపడుట, గాఢముగ నిద్రించియు చప్పున మేల్కొనుట, స్వామిభక్తి, శౌర్యము - ఇవి యా గుణములు. వీనిలో మొదటి రెండును నేటి నా ప్రసంగమునకు మూలము. పెట్టినంత తినగల ప్రాణి కనుకనే, దానికి ఎప్పుడు పెట్టవలయునో యజమానుడు తెలిసికొనవలెను. తనంతట అది వలదనదు.

మన పెద్దల పద్ధతి ఇట్టిది. తెల్లవాఱుజామున వేటకు బయలుదేరవలసియున్న, ముందటి సాయంకాలము దీపము పెట్టు వేళకే కుక్కకు కడుపునిండ రాగిసంగటి పెట్టి, కలిగినపుడు మాంసపు నీరు కలిపెడివారు. ఉదయమున ముద్ద పెట్టుట లేదు. కొంచెము నీరు త్రాగించి, అది మలవిసర్జనము చేసిన పిదపనే పలుపు పట్టెడివారు. వేట ముగిసి యింటికి వచ్చిన తరువాతనే దాని పాలు దానికి దక్కెడిది. పదేండ్ల బాలుడనై యుండగా నేనిది స్వయముగ జూచినాను. ఉదయమున కుక్క నావంక దీనముగ జూచుచుండగా, దానికొక సంగటి ముద్ద వేయబోయి, పెద్దలచే వారింపబడినవారు ఈ సభలో పెక్కుమంది యుందురు.

దీనికి హేతువేమి? నేటి పశువైద్యశాస్త్రము ఇట్లు చెప్పుచున్నది. కడుపునిండ తిన్న కుక్క ఆమాశయము ఖాళీయగుటకు ఇంచుమించు 8 మొదలు 12 గంటల కాలము పట్టును. దీపము వేళకు తిన్నది తెల్లవాఱుజామునకు దిగును గదా! గడియారము లేని మన తాతల లెక్కకును, వైద్యుల లెక్కకును ఎంత పొత్తు కలదో చూడుడు. నిండిన కడుపు ఊపిరితిత్తుల నడుగునుండి ఒత్తును. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పోయదు. నాలుక వెలికి చాచి, రొప్పి, వేడిని బయటికి పంపవలసినదే. ఊపిరికి చోటు తగ్గిన కుక్క ఈ అనంతపురపు టెండలో ఎంతదూరము పరుగెత్తగలదు? అదిగాక, దూరము పరుగిడు కుక్కకు ముఖ్యమైన ఇంధనము క్రొవ్వు. బయలుదేరుటకు ముందు పెట్టిన పిండిముద్ద ఆ క్రొవ్వు కరగి శక్తియగుటకు అడ్డుపడును.

వేఱొక ప్రాణాపాయమును కలదు. ముధోల్ జాతివలె లోతైన ఱొమ్మును, సన్నని నడుమును గల కుక్కలలో ఆమాశయము వాయువుతో నుబ్బి మెలిపడుట సంభవించును. దినమున కొక్కసారే పెద్దముద్ద పెట్టుట, ఆబగా మ్రింగనిచ్చుట దీనిని ప్రేరేపించును. కడుపు తప్పెటవలె బిగియుట, వాంతికై ప్రయత్నించియు ఏమియు వెడలకుండుట, చొంగ కారుట, ఒకచోట నిలువలేకుండుట దీని చిహ్నములు. ఇవి కనబడిన ఇంటి చిట్కాలతో కాలహరణము చేయక, తక్షణమే పశువైద్యుని యొద్దకు గొనిపోవలెను. కొన్ని గంటలలో ప్రాణము పోవును.

ఇక నొక దురభిప్రాయమును ఖండింపవలెను. "ఆకలిగొన్న కుక్కయే బాగుగ వేటాడును" అని కొందఱు రెండుదినములు పస్తుంచుదురు. ఇది పెద్దలమాట కాదు. పస్తున్న కుక్క పిలిచిన పలుకదు. పట్టినదానిని తానే తినును. నడుమదారిలో కాళ్ళు వణకి కూలును. అట్లు కూలిన కుక్కకు, స్పృహయున్నచో, కొంచెము బెల్లపునీరు నాకించి నీడను పరుండబెట్టవలెను. రాత్రి తిని ఉదయమున ఖాళీకడుపుతో నుండుట వేఱు, పస్తుండుట వేఱు.

పని ముగిసినంతనే పళ్ళెము ముందిడుటయు తప్పే. మొదట నీడ, పిదప కొంచెము కొంచెముగా నీరు, రొప్పు పూర్తిగ నణగి గంటసేపైన పిమ్మట కూడు. ఉల్లి వేసిన చారు కుక్కకు విషతుల్యము. బొబ్బలుగల గొఱ్ఱె కాలేయమును, ఊపిరితిత్తులను పచ్చివిగా వేయరాదు. వానియందలి పురుగు కుక్క కడుపున పెరిగి, దాని మలమూలమున మన బిడ్డలకు సంక్రమించును.

వేటయే లేనినాడు ఈ విద్యయెందులకని మీరడుగవచ్చును. నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో, కుందేలు మొదలు అడవిపంది వఱకు ప్రభుత్వానుమతి లేక వేటాడుట నేరమైనది. వినోదమునకై రాత్రులు కుక్కలతో కుందేళ్ళను తఱుము యువకులకు నా ప్రార్థన: అది కులధర్మము కాదు. ఆకలి తీర్చుకొనుటకు వేటాడిన తాతల పేరు చెప్పి ఆటకై చంపుట వారికి అపకీర్తి. ఈ చిలమత్తూరు మండలముననే వీరాపురమున, ప్రతియేట వచ్చి చెట్లపై గూళ్ళు కట్టు ఎఱ్ఱకాళ్ళ కొంగలను గ్రామస్థులు కాపాడుచున్నారు. మృగపక్షుల నడవడి నెఱిగిన మనకు అట్టి రక్షకభారమే తగియున్నది.

వేట పోయినను కుక్క పని పోలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన కురియు ఈ సీమలో గొఱ్ఱెలమంద పేదకు ధనము. ఆ మందను తోడేలునుండియు, వేరుశనగ చేనిని పందినుండియు కాచునది కుక్కయే. కాపలాకుక్క పరుగు వేటకుక్క పరుగు కాదు గనుక, దాని కూటిని రెండు భాగములు చేసి ఉదయమున మంద కదలిన పిదప నొకటియు, ప్రొద్దు వాలక మునుపే ఒకటియు పెట్టవలెను. రాత్రి ఆకలితోనున్న కుక్క దొడ్డి విడిచి ఊరిలోని కుప్పలకు పోవును. అర్ధరాత్రి కడుపునిండ తిన్నది నిద్రించును. కఱవుసీమలో గింజ యరుదు. అదే పిడికెడు పిండి వేళకు పెట్టిన బలము, వేళ తప్పిన వ్యర్థము.

పోషక మహాశయులకు రెండు విన్నపములు. మన పల్లెల కుక్కలకు ఏటేట వెఱ్ఱికుక్క వ్యాధి టీకాలు వేయించు ఏర్పాటునకు సంఘము పూనుకొనవలెను. వృద్ధుల నోటనున్న జంతువిజ్ఞానమును, వారు జీవించియుండగనే, చదువుకొన్న మన బిడ్డలచే వ్రాయింపవలెను. ముధోల్, రాజపాళయం కుక్కల బొమ్మలతో తపాలాశాఖ 2005లో బిళ్ళలు వెలువరించి దేశీయజాతుల నాదరించినది. వానిని సాకిన వారి విద్యను ఆదరింపవలసినవారము మనమే.