నైస్ అను మాట

ఇంగ్లీషు చదువని వారి నోటను సైతము నేడు వినవచ్చు ‘నైస్’ అను విశేషణమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

బాగున్నది, ఇంపుగా నున్నది, మంచివాడు. ఇవి దాని నేటి అర్థములు. పుట్టుకలో మాత్రము అది పొగడ్త కాదు. ఎరుగనివాడను అర్థముగల ‘నెస్కియుస్’ అను లాటిన్ పదమునుండి వెలువడి, ఫ్రెంచి భాషలో మూర్ఖుడను అర్థము దాల్చి, సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లండు చేరిన ఈ మాట, అచటను మొదట తెలివితక్కువ వానికే చెల్లెను. పిదప అతిసుకుమారమని, సూక్ష్మమని అర్థములు వచ్చెను. పద్దెనిమిదవ శతాబ్దమున గాని మనోహరమను అర్థము వ్యాపింపలేదు.

కనుక పాత ఇంగ్లీషు గ్రంథమున ఈ మాట కనబడినచో, ముందు గ్రంథకాలము చూడవలెను. అర్థము తరువాత. నేటికిని ‘నైస్ డిస్టింక్షన్’ అనగా సొగసైన భేదము కాదు, సూక్ష్మభేదము.

జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో, కాథరిన్ ఒక పుస్తకమును ఈ మాటతో మెచ్చుకొనగా, అన్నిటికిని సరిపోవు మాట ఇదియని హెన్రీ టిల్నీ ఆమెను ఆటపట్టించును. ఆ ఆక్షేపణ నాకు న్యాయముగానే తోచును.

తెలుగు వంటింట దీని కథ వేరు. పప్పు ‘నైస్‌గా’ రుబ్బుమని అత్తగారు కోడలితో అన్నచో, అది మెప్పు కాదు, పలుకు తగులరాదని. గారెలకు కొంచెము బరకగా, అట్లకు నైస్‌గా అన్న చాలును, ఎంతసేపు రుబ్బవలెనో కోడలికి తెలియును.