ముట్టునొప్పి - ఇంటి మందులు

పెద్దలారా! నేఁడు నేను చెప్పఁబోవు విషయము నలుగురిలో ముచ్చటించునది కాదని మీలో కొందఱు తలఁపవచ్చును. కాని బాలిక బడికి పోవలెనో మానవలెనో, ఆసుపత్రికి పోవలెనో వలదో నిర్ణయించువారు పెక్కిండ్లలో మీరే. కావున ఇది మీ చెవిని వేయుటయే మేలని నా యభిప్రాయము.

ముట్టు మొదలైన దినమునను, మఱునాఁడును పొత్తికడుపును నడుమును మెలిపెట్టునట్టి నొప్పి పెక్కుమంది కన్యలకు వచ్చుచుండును. వైద్యులు దీనిని కష్టార్తవ మందురు. ఇది గారాబమును కాదు, గ్రహదోషమును కాదు. గర్భాశయపు లోపొర విడునప్పుడు ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు పుట్టి, ఆ కండరమును గట్టిగా పిండును. అవి మిక్కుటమైనచో వాంతులు, విరేచనములు కూడ కలుగును.

వంటింటి మందులలో నేను శొంఠికే అగ్రస్థాన మిత్తును. శొంఠిపొడిని దినమునకు 750 మొదలు 2000 మిల్లీగ్రాముల వఱకు, ముట్టు మొదటి మూడునాలుగు దినములలో ఇచ్చి చూచిన పరీక్షలలో నొప్పి తగ్గినట్లు తేలినది. చిన్న చెంచాలో పాతిక వంతు పొడిని నీట కాచి, బెల్లము చేర్చి, దినమునకు రెండు మూడు మాఱులు త్రాగించిన చాలును. కడుపులో మంట గల పిల్లకు మానవలెను.

రెండవది కాపడము. దీనికి కాసు ఖర్చు లేదు. 2001లో ప్రకటింపఁబడిన యొక పరీక్షలో, సుమారు 39 డిగ్రీల వేడి పొత్తికడుపుపై నిలిపియుంచఁగా ఇబుప్రొఫెన్ మాత్రతో సమానమైన ఉపశమనము కలిగెను. ఉప్పుమూటయైనను వేడినీటి సంచియైనను సరియే. ముందు మన ముంజేతిపై నుంచి చూచి, చర్మము కాలకుండ గుడ్డ చుట్టి పెట్టవలెను. ఇఁక చిమ్మిలి యందురా? నువ్వులు, బెల్లము బలమైన ఆహారమే గాని నొప్పికి మందు కాదు.

అశోకమును గూర్చి కొంచెము విపులముగ చెప్పవలసి యున్నది. భైషజ్యరత్నావళిలోని అశోకారిష్టము పేరు మీరందఱు వినియుందురు. దానికి వాడవలసినది నారింజరంగున పూచి క్రమముగ ఎఱ్ఱబాఱు గుత్తులు గల అశోకము. మన బడుల ముంగిట స్తంభమువలె నిటారుగ పెరిగి, అంచులు అలలు తీరిన ఆకులు గల చెట్టు నరమామిడి. దానినే జనులు అశోక మనుచున్నారు. నిజమైన అశోకము అరుదైపోవుటచే, దాని పేర నరమామిడి బెరడు నమ్ముటయు కలదు. కావున పెరటిచెట్టు బెరడు చెక్కి కషాయము కాచి పిల్లలకు పోయకుఁడు. అరిష్టమునందు సహజముగ పుట్టిన మద్యసార ముండును. వైద్యుని మాట లేక దానిని ఈయరాదు.

శొంఠికిని, కాపడమునకును లొంగని నొప్పికి మాత్ర వేయుట పాపము కాదు. వైద్యుఁడు చెప్పిన మోతాదున, అన్నము తిన్న పిదప రెండుమూడు దినములు వేసిన మాత్రవలన సంతానము కలుగదను భయము నిరాధారము.

"పెండ్లి చేసిన అదియే పోవును" అను మాట నాకు ఎంతమాత్రము నచ్చదు. నొప్పి ఏఁటేఁట హెచ్చుచున్నను, ముట్టు లేని దినములలోను బాధించుచున్నను, గర్భాశయపు పొరవంటిది వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి కావచ్చును. మఱికొందఱికి యుక్తవయస్సు వచ్చినను రక్తము కానరాక నెలనెలా నొప్పి మాత్రము వచ్చును. లోపల దారి మూసికొని యుండవచ్చును గనుక వారికి చిన్న శస్త్రచికిత్స వలసి యుండును. అధిక రక్తస్రావము, జ్వరము, దుర్వాసన, స్పృహ తప్పుట కనఁబడినచో కషాయములతో కాలము గడపక, ఇంటి యాఁడువారిని తోడిచ్చి నాఁడే పిల్లను ఆసుపత్రికి పంపుఁడు.