మన ఒంటికి సరిపోయే సేఫ్టీ బెల్టు

(పనిస్థలంలో స్త్రీల భద్రతపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తెరచాప పడవల మీద పనిచేస్తాను. తెరచాపను నిలబెట్టే స్తంభాన్ని మాస్ట్ అంటాం. దాని కొనన దీపం, గాలి దిశ చూపే పరికరం, తాళ్లు నడిచే కప్పీలు ఉంటాయి. అవి పాడైతే ఎవరో ఒకరు పైకి ఎక్కాలి. అలా ఎక్కేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పడవకీ ఈ సమావేశానికీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. పడవ అయినా, పరంజా అయినా, ఎత్తు మీద పనిచేసే మనిషి ప్రాణం ఒంటికి కట్టుకున్న పట్టీల మీదే ఉంటుంది. ఆ పట్టీలు ఎవరి ఒంటి కొలతతో తయారవుతున్నాయన్నదే నా ప్రశ్న.

నాకు జరిగిన సంగతి చెబుతాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో యార్డులో ఒకే హార్నెస్ ఉండేది. మగవాళ్ల కొలతది. "ఇది అందరికీ సరిపోతుంది, గట్టిగా బిగించుకో" అన్నారు. బిగించుకున్నాను. సగం ఎత్తుకు చేరేసరికి నడుము పట్టీ జారి పక్కటెముకల కిందికి వచ్చింది. ఊపిరి అందలేదు. తొడల పట్టీలు కోసుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కాయి. అరిచి దించమన్నాను. కిందికి రాగానే సూపర్‌వైజరు అన్న మాట: "అందుకే ఆడవాళ్లని పైకి ఎక్కించొద్దంటాను." తప్పు బెల్టుది. నింద నాకు పడింది.

ఆడవాళ్లకు సముద్రం చేతకాదన్న మాటకు జవాబు ఎప్పుడో వచ్చింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరిన నౌకాదళపు తెరచాప పడవ తారిణి భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చింది. పడవ పొడవు 55 అడుగులు. దాన్ని నడిపిన ఆరుగురూ స్త్రీలే. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. కాబట్టి చేతనవుతుందా లేదా అన్న చర్చ మనకొద్దు. పరికరం సంగతి మాట్లాడుకుందాం.

పడవ మీద మూడు రకాల పట్టీలు కనిపిస్తాయి. మొదటిది డెక్కు మీద నడిచేటప్పుడు నీళ్లలో పడిపోకుండా ఛాతీకి కట్టుకునేది. దాంతో మాస్ట్ ఎక్కకూడదు. అది మనిషిని వేలాడదీయడానికి చేసింది కాదు. రెండోది బోసన్ చెయిర్, ఉయ్యాల బల్లలాంటిది. గంటసేపు కూర్చున్నా కాళ్లు నొప్పెట్టవు, పనిముట్లకు జేబులుంటాయి. కానీ స్పృహ తప్పినా, తలకిందులైనా అందులోంచి జారిపడే ప్రమాదం ఉంది. మూడోది కొండలెక్కేవాళ్లు వాడే హార్నెస్: నడుముకు ఒక పట్టీ, తొడలకు రెండు. ఇది మనిషిని వదలదు. అయితే సన్న పట్టీలు ఎక్కువసేపు వేలాడితే కోసుకుంటాయి. చిన్న పనికి నేను వెడల్పు మెత్తలున్న హార్నెస్ వాడతాను. పెద్ద పనికి హార్నెస్ కట్టుకునే బోసన్ చెయిర్‌లో కూర్చుంటాను. చెయిర్‌కు ఒక తాడు, హార్నెస్‌కు వేరే తాడు.

ఇక కొలత. నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన కూర్చోవాలి. బిగించాక రెండు చేతులతో కిందికి లాగితే తుంటి దాటి జారకూడదు. తొడ పట్టీలో అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. చాలామంది ఆడవాళ్లకు నడుముకీ తొడకీ మధ్య దూరం ఎక్కువ. మగవాళ్ల హార్నెస్‌లో ఆ పట్టీ పొట్టిదై నడుము పట్టీని కిందికి గుంజుతుంది, లేదా గజ్జల్లో ఒరుస్తుంది. నెలసరి రోజుల్లో ఆ ఒరిపిడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఛాతీ పట్టీ ఉంటే అది రొమ్ముల్ని నొక్కకూడదు. నడుము పట్టీ విప్పకుండా వెనక తొడ పట్టీల్ని మాత్రం వదులు చేసుకునే వీలున్నవి దొరుకుతాయి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా పనిచేసే ఆడవాళ్లకు అది చిన్న సౌకర్యం కాదు.

కొనేముందు, కనీసం ఎక్కేముందు, నేల మీద రెండడుగుల ఎత్తున పది నిమిషాలు వేలాడి చూడండి. పనిముట్లతో సహా. కింద నొప్పెట్టేది పైన ప్రాణం తీస్తుంది. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచి స్పృహ తప్పవచ్చు. కాబట్టి కాళ్లు కదపాలి, పైనున్న మనిషిని వెంటనే దించగలిగే తోడు కింద ఉండాలి. తాడును కొక్కేనికి తగిలించి నమ్మకూడదు, ముడి వేసి కట్టాలి. కుట్లు తెగినా, ఎండకు పట్టీ వెలిసి బిరుసెక్కినా, ఒకసారి పడిన బరువును ఆపినా, దాన్ని పక్కన పడేయాలి.

నిర్మాణ పనిలో వేరే రకం కావాలి. అక్కడ పడిపోతే ఆపేది కాబట్టి భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటినీ పట్టి ఉంచే, వీపున రింగు ఉన్న ఫుల్ బాడీ హార్నెస్ ఉండాలి. ఐ.ఎస్. 3521 గుర్తు చూడండి. నడుముకు ఒక్క బెల్టు కట్టి పైకి పంపితే ఒప్పుకోవద్దు.

చివరికి నేను నా సొంత డబ్బుతో నా కొలతకు సరిపోయే హార్నెస్ కొనుక్కున్నాను. అదే నా గెలుపని చాలాకాలం చెప్పుకున్నాను. ఇవాళ అలా అనుకోవడం లేదు. నా తర్వాత ఆ యార్డుకు వచ్చిన అమ్మాయి చేతికి మళ్లీ ఆ పాత హార్నెసే ఇచ్చారు. నేను ఒక్కదాన్నే తప్పించుకున్నాను, అంతే. 2020లో చేసి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం భద్రత కోసం చేసే ఏర్పాటుకు కార్మికుల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఆ మాటను పట్టుకుందాం. మీరు పనిచేసే చోట మూడు అడగండి: వేర్వేరు కొలతల బెల్టులు, ఎక్కేముందు వేలాడి చూసే సమయం, సరిపోకపోతే ఎక్కనని కూలి పోకుండా చెప్పే హక్కు. అడిగేది ఒక్కరు కాకుండా చూడండి.